అక్వేరియం ఆటోమేటిక్ ఫీడర్: వేళ తప్పదు, మోతాదు మాత్రం మన చేతిలోనే

అక్వేరియం తొట్టి అంచుకు బిగించి, నిర్ణయించిన వేళకు మేత రాల్చే ఆటోమేటిక్ ఫీడర్‌ను నేను రెండు అవసరాలకు వాడుతున్నాను. ఇంట్లో ఉన్నప్పుడు పగటిపూట చిన్న చిన్న మోతాదుల్లో మేత అందించడం ఒకటి, ఊరికి వెళ్లినప్పుడు చేపలను ఆకలితో వదలకుండా చూసుకోవడం రెండోది. యంత్రం ఒకటే అయినా ఈ రెండు సందర్భాల్లో దానిపై పడే భారం ఒకటి కాదు. మనం ఇంట్లో ఉంటే అది చేసే ప్రతి తప్పునూ అప్పటికప్పుడు సరిదిద్దగలం, ఊళ్లో లేకపోతే ఒక చిన్న లోపం కూడా మొత్తం తొట్టిని పాడుచేయగలదు. వేళకు తిరగడంలో ఈ యంత్రానికి వంక పెట్టలేను. మోతాదు విషయంలో అది మనం లోపల ఎలాంటి మేత పోశామన్న దాన్ని బట్టి మారిపోతుంది. తేమను తట్టుకోవడంలో మాత్రం దాని తయారీలోనే లోటు ఉంది, ఆ లోటును వాడేవారే పూడ్చుకోవాలి.

నా దగ్గర ఉన్నది బాగా వాడుకలో ఉన్న డ్రమ్ము తరహా ఫీడర్. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో మోటారు, గడియారం, రెండు ఏఏ బ్యాటరీలు ఉంటాయి. దాని ముందుభాగంలో మేత పోసుకునే గుండ్రటి డ్రమ్ము, ఆ డ్రమ్ము ఒంటి మీద ఒక నోరు, ఆ నోటిని చిన్నదిగానూ పెద్దదిగానూ చేసుకోవడానికి జారుడు మూత ఉంటాయి. నిర్ణీత సమయానికి డ్రమ్ము ఒక చుట్టు తిరుగుతుంది, నోరు కిందికి వచ్చినప్పుడు కొంత మేత నీటిలో రాలుతుంది, చుట్టు పూర్తయ్యేసరికి నోరు మళ్లీ పైకి వచ్చి ఆగుతుంది. రోజుకు నాలుగు వేళలు పెట్టుకోవచ్చు, ఒక్కో వేళకు ఒకటికి మించి చుట్లు కూడా తిప్పించవచ్చు. తొట్టి అంచుకు పట్టించడానికి ఒక క్లిప్పు, మూత ఉన్న తొట్టి అయితే మూతలోని రంధ్రం మీద కూర్చోబెట్టడానికి ఒక పీట దానితోపాటే వచ్చాయి.

గడియారం గురించి చెప్పవలసింది తక్కువే. అది వేళ తప్పదు. జాగ్రత్త పడవలసింది బ్యాటరీల విషయంలో. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు ఇస్తే, తిరిగి చార్జి చేసుకునే నికెల్ సెల్లు 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి కొన్ని ఫీడర్లలో రెండో రకం వేస్తే మోటారు బలహీనంగా తిరుగుతుంది. బ్యాటరీ నీరసించినప్పుడు డ్రమ్ము అసలు తిరగకపోవడం కన్నా నోరు కిందికి ఉన్న స్థితిలో సగంలో ఆగిపోవడం ఎక్కువ ప్రమాదం. మిగిలిన మేత నీటిలోకి జారుతూ ఉంటుంది, రాలనిది తొట్టి నుంచి వచ్చే ఆవిరికి నానుతుంది. అందుకే ఎక్కువ రోజుల ప్రయాణానికి ముందు పాత బ్యాటరీల్లో బలం మిగిలి ఉందా లేదా అని లెక్క చూసుకోకుండా కొత్తవి వేయడమే మంచిది. బ్యాటరీ తీయగానే కొన్ని ఫీడర్లలో పెట్టిన వేళలు చెరిగిపోతాయి కాబట్టి మార్చిన తరువాత వాటిని మరొకసారి చూసుకోవాలి.

మోతాదు విషయానికి వస్తే, జారుడు మూత మీద ముద్రించిన అంకెలను ఎంతమాత్రం నమ్మకూడదు. ఆ అంకెలు నోరు ఎంత తెరుచుకుందో చెబుతాయి కానీ ఎంత మేత రాలుతుందో చెప్పలేవు. ఒకే అంకె దగ్గర పెట్టినా, పలుచటి రేకుల్లాంటి ఫ్లేక్స్ ఒకలా, మిల్లీమీటరు మందం గుళికలు ఇంకొకలా, పొడిలాంటి సన్న మేత మరోలా రాలతాయి. ఫ్లేక్స్ ఒకదానికొకటి అడ్డం పడి నోటి దగ్గర ఇరుక్కుంటాయి, ఒక చుట్టులో ఏమీ రాకుండా తరువాతి చుట్టులో గుప్పున పడతాయి. పరిమాణంలో సమానంగా, గట్టిగా, గుండ్రంగా ఉన్న గుళికలు ఈ యంత్రానికి అన్నిటికన్నా బాగా నప్పుతాయి. ఫ్లేక్స్ తప్ప మరొకటి ముట్టని చేపలు ఉంటే వాటిని వేళ్లతో నలిపి, దుమ్మును జల్లించి తీసేసి, మిగిలిన ముక్కలను మాత్రమే పోయాలి. ఆ దుమ్ము చేపల నోటికి అందకుండా నీటిని మసకబార్చడానికే పనికొస్తుంది.

డ్రమ్ములో మేత ఎంత ఉందన్నది కూడా మోతాదును మారుస్తుంది. నిండుగా నింపితే గింజలు దొర్లడానికి చోటు లేక తక్కువ రాలవచ్చు, అడుగంటినప్పుడు మళ్లీ తీరు మారుతుంది. సగం దాకా నింపినప్పుడు నా ఫీడర్ అన్నిటికన్నా నిలకడగా పనిచేస్తుంది. కొన్న వెంటనే తొట్టికి బిగించకుండా ఒక తెల్లకాగితం మీద పెట్టి చేతి మీటతో పలుమార్లు తిప్పి, ప్రతి చుట్టుకు పడిన మేతను పక్కపక్కన కుప్పలుగా పెట్టి చూస్తే యంత్రం స్వభావం అక్కడే తెలిసిపోతుంది. ఆ కుప్పల్లో పెద్దదాన్ని ప్రమాణంగా తీసుకోవాలి, సగటును కాదు. మేత రకం మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ఒకే ఒక్క బెట్టా చేప ఉన్న చిన్న తొట్టికి ఈ తరహా ఫీడర్‌ను నేను సిఫారసు చేయలేను. ఆ చేపకు ఒక పూటకు కొద్దిపాటి గుళికలు చాలు, ఈ యంత్రం నోటిని ఎంత బిగించినా ఒక్కో చుట్టుకు అంతకు మించే రాలుస్తుంది.

ఇక తేమ. ఈ యంత్రాల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే అని నా అభిప్రాయం. ఉష్ణమండల చేపల తొట్టిలో నీరు సాధారణంగా 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. నీటి ఉపరితలం మీద, ముఖ్యంగా మూత కింద, గాలి ఆవిరితో నిండి ఉంటుంది. ఫీడర్ నోరు సరిగ్గా ఆ గాలికి పైన ఉంటుంది. గది చల్లబడినప్పుడు ఆ ఆవిరి ప్లాస్టిక్ అంచుల మీద చెమ్మగా దిగుతుంది. పక్కనే ఎయిర్ స్టోన్ బుడగలు పగులుతుంటే తుంపర్లు నేరుగా నోటికే తగులుతాయి. ఆరబెట్టి తయారుచేసిన మేత తేమను ఇట్టే పీల్చుకుంటుంది. మొదట నోటి అంచున సన్నటి పొరలా అంటుకుంటుంది, ఆ పొర రోజురోజుకు మందమై నోటిని ఇరుకు చేస్తుంది, రాలే మోతాదు మనకు తెలియకుండానే తగ్గిపోతుంది. చివరకు నోరు పూర్తిగా మూసుకుపోతుంది, లేదా ఉండకట్టిన మేత ఒక్కసారిగా ఊడి నీటిలో పడుతుంది. డ్రమ్ము మాత్రం వేళకు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూసేవారికి అంతా సవ్యంగా ఉన్నట్లే కనిపిస్తుంది.

నష్టం అక్కడితో ఆగదు. చెమ్మగిల్లిన మేతకు బూజు పడుతుంది. చేప నూనెలున్న మేత గాలి తగిలి ముక్కిపోతుంది. విటమిన్ సి వంటి సున్నితమైన పోషకాలు గాలికీ వెచ్చదనానికీ త్వరగా నశిస్తాయి. మూత బిగించిన డబ్బాలో చల్లటి చోట దాచుకునే మేతను తొట్టి మీది వెచ్చటి గాలిలో వారాల తరబడి తెరిచి ఉంచడం చేపలకు మంచిది కాదు. ఫీడర్ పెట్టె మీద రాసే నిల్వ సామర్థ్యం ఎంత ఉన్నా, కొద్ది రోజులకు సరిపడా మాత్రమే పోసి, మళ్లీ నింపే ముందు పాతది పారేసి, డ్రమ్మును తుడిచి ఆరబెట్టి వాడాలి. పాత మేత మీద కొత్త మేత పోయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

ఈ సమస్యకు కొందరు తయారీదారులు చక్కటి పరిష్కారం ఇచ్చారు. డ్రమ్ము వెనకభాగంలో సన్నటి గొట్టం తగిలించుకునే ముక్కు ఒకటి ఉంటుంది. ఎయిర్ పంపు నుంచి ఒక పాయను దానికి కలిపితే, గదిలోని పొడిగాలి డ్రమ్ములోకి వచ్చి నోటి గుండా బయటకు పోతూ ఉంటుంది, తొట్టి మీది తడిగాలి లోపలికి చొరబడదు. గాలి ఉధృతి ఎక్కువైతే సన్న మేత ఎగిరిపోతుంది కాబట్టి దారిలో చిన్న వాల్వు పెట్టి, గాలి ఆడుతోందని చేతికి తెలిసీ తెలియనంతగా తగ్గించుకోవాలి. నా ఫీడర్‌కు ఈ ఏర్పాటు లేదు, దాని పెద్ద లోపం ఇదే. బదులుగా నేను దాన్ని ఎయిర్ స్టోన్‌కూ ఫిల్టర్ నీరు పడే చోటుకూ దూరంగా ఉన్న మూలలో, క్లిప్పు అనుమతించినంత ఎత్తులో, తొట్టి మూత కాస్త జరిపి గాలి ఆడేలా బిగించాను. దీనితో మేత పొడిగా ఉండే కాలం బాగా పెరిగింది కానీ సమస్య పూర్తిగా పోలేదు. రెండు ఫీడర్లలో ఒకదానికి గాలి ముక్కు, ఇంకొకదానికి రకరకాల అదనపు మీటలు ఉంటే, నేను ఆలోచించకుండా మొదటిదే ఎంచుకుంటాను.

డ్రమ్ము నచ్చనివారికి మరి రెండు తరహాలు ఉన్నాయి. ఒకదానిలో మరమేకు వంటి తిరుగుడు కడ్డీ గింజలను ముందుకు నెడుతుంది. గుళికలు వేసేవారికి ఇది మోతాదులో ఎక్కువ నిలకడగా ఉంటుంది, ఫ్లేక్స్‌కు మాత్రం పనికిరాదు. రెండోది గుండ్రటి పళ్లెంలో చిన్న చిన్న అరలు చేసి, ఒక్కో పూట ఒక్కో అరను ఖాళీ చేసే రకం. ఇందులో ప్రతి పూట మేతను మనమే కొలిచి పోస్తాం కాబట్టి మోతాదు తప్పే అవకాశం అన్నిటికన్నా తక్కువ. ఒక పూట గుళికలు, ఇంకో పూట ఎండబెట్టిన పురుగులు, మరో పూట అడుగున తిరిగే చేపలకు మునిగే బిళ్లలు పెట్టుకోవచ్చు. అరల సంఖ్యే దానికి హద్దు. ఒంటరి బెట్టాకు సరిపోయేది ఇదే. ఫోనుతో నడిచే వైఫై ఫీడర్ల విషయంలో నేను చూసేది ఒక్కటే: పెట్టిన వేళలు యంత్రంలోనే నిల్వ ఉంటాయా, లేక ఇంటర్నెట్ ఆగితే మేత కూడా ఆగిపోతుందా అన్నది. యంత్రంలోనే నిల్వ ఉండి, దానితోపాటు తొట్టిని చూపించే కెమెరా కూడా ఉంటే దూరంగా ఉన్నవారికి అది నిజంగా ధైర్యమిస్తుంది.

మేత ఎక్కడ పడుతుందన్నది కూడా పట్టించుకోవాలి. ఫిల్టర్ నీరు బలంగా పడే తొట్టిలో గుళికలు నీటి వాలుకు కొట్టుకుపోయి, చేపలు తినేలోపే ఫిల్టర్ పీల్చే గొట్టం దగ్గరకో మొక్కల మొదళ్లలోకో చేరతాయి. ఫీడర్ కింద నీటిపై తేలే ఒక ప్లాస్టిక్ వలయం ఉంచితే మేత అందులోనే నిలిచి ఉంటుంది. ఎప్పుడూ ఒకే చోట పడటం వల్ల ఇంకొక చిక్కు ఉంది. సిక్లిడ్‌ల వంటి దూకుడు చేపలు ఆ మూలను ఆక్రమించుకుని బెదురు చేపలను దగ్గరకు రానివ్వవు. మనం చేత్తో వేసేటప్పుడు తొట్టి పొడవునా చల్లగలం, యంత్రం అలా చేయలేదు. పొడవాటి తొట్టికి రెండు కొసల్లో రెండు ఫీడర్లు పెట్టి, రెండింటికీ ఒకే వేళ నిర్ణయించడం ఇందుకు తగిన ఉపాయం.

రోజువారీ వాడకంలో ఈ యంత్రం నాకు నిజమైన సంతోషాన్నిచ్చింది. గోల్డ్‌ఫిష్‌కు మనలా మేతను నిల్వ ఉంచుకునే జీర్ణకోశం లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఒకేసారి ఎక్కువ వేయడం కన్నా కొద్దికొద్దిగా పలుమార్లు వేయడం దానికి మేలు. గప్పీ పిల్లలకు కూడా రోజులో అనేకమార్లు సన్న మేత అందితేనే ఎదుగుదల బాగుంటుంది. పగలంతా పనిలో ఉండే మనిషి చేయలేని ఈ పనిని ఫీడర్ చేసిపెడుతుంది. ప్లెకో, కోరిడోరాస్ వంటి అడుగున తిరిగే చేపల కోసం దీపం ఆరిన తరువాత ఒక వేళ పెట్టుకుంటే, పైన తిరిగే చేపలు సద్దుమణిగి ఉంటాయి కాబట్టి మునిగే గుళికలు వాటికి దక్కుతాయి. చేపలు మేత వేళను కూడా నేర్చుకుంటాయి. రోజూ ఒకే సమయానికి మేత అందుతుంటే ఆ సమయం దగ్గరపడే కొద్దీ చురుకుదనం పెరగడం గోల్డ్‌ఫిష్‌పై జరిగిన ప్రయోగాల్లో రుజువైంది. నా తొట్టిలో మోటారు కదలకముందే చేపలు ఆ మూలకు చేరుతున్నాయి.

మోతాదు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం అమోనియా. చేపలు తమ మొప్పల ద్వారా అమోనియాను విసర్జిస్తాయి, తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఫిల్టర్‌లోని బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తరువాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా రోజువారీ మోతాదుకు అలవాటుపడి ఉంటుంది, ఒక్కసారిగా రెట్టింపు మేత పడితే అంత వేగంగా పెరగలేదు. నీటి స్వభావం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపూరితమైన రూపం సుమారు 0.6 శాతమే ఉంటుంది, పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. అంటే ఒకే పరిమాణంలో మేత మిగిలినా, ఒక తొట్టిలో ఏమీ కాకపోవచ్చు, ఇంకొక తొట్టిలో చేపలు చనిపోవచ్చు. కుళ్లే మేత నీటిలోని ఆక్సిజన్‌ను కూడా తోడేస్తుంది. అందువల్ల ఫీడర్‌ను ఎప్పుడూ చేపలు తినగలిగే దానికన్నా తక్కువకే అమర్చాలి.

తక్కువ తింటే చేపలు నీరసించవా అని చాలామంది భయపడతారు. చేపలకు మనలా శరీరాన్ని వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు కాబట్టి వాటికి కావలసిన శక్తి తక్కువ. ఆరోగ్యంగా ఎదిగిన చేపలు కొన్ని రోజులు మేత లేకున్నా ఇబ్బంది పడవు. రెండు మూడు రోజుల ప్రయాణానికి నేను ఫీడర్‌ను అసలు నడపను. ఆ కొద్ది రోజుల పస్తు కన్నా, మనిషి లేని ఇంట్లో యంత్రం తప్పుచేసే అవకాశమే నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. పిల్ల చేపలు ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు, వాటికి పస్తు తట్టుకునే శక్తి ఉండదు. వారం దాటిన ప్రయాణమైతే మామూలు మోతాదులో సగానికి అమర్చి వెళ్తాను, బయలుదేరడానికి చాలా ముందు నుంచే అదే అమరికలో నడిపించి, అడుగున మేత మిగులుతోందా లేదా అని గమనిస్తాను. సెలవు బిళ్లలుగా అమ్మే, జిప్సం ముద్దలో మేత కలిపిన దిమ్మల కన్నా ఈ పద్ధతి ఎంతో మేలు. ఆ దిమ్మలు కరిగే కొద్దీ నీటి కాఠిన్యాన్ని పెంచుతాయి, చేపలు తిన్నా తినకున్నా మేతను వదులుతూనే ఉంటాయి.

ఇన్ని సౌకర్యాలున్నా, ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక పూట మేతను నేను చేత్తోనే వేస్తాను. ఈ విషయంలో నాకు రాజీ లేదు. చేపకు జబ్బు చేసిందని మొదట తెలిసేది మేత వేళలోనే. రోజూ ముందుకు దూసుకువచ్చే చేప ఒకనాడు వెనక నిలబడటం, గుళికను నోట పెట్టుకుని ఉమ్మివేయడం, రెక్కలు ఒంటికి ముడుచుకుని మూలన ఉండటం, మిగతావాటితో పోటీపడలేకపోవడం, ఇవన్నీ ఒంటి మీద మచ్చలు కనిపించడానికి ఎంతో ముందే కనిపించే సూచనలు. ఫీడర్ మేత వేయగలదు, ఎవరు తిన్నారో చూడలేదు. అన్ని పూటలూ దానికే అప్పగించిన తొట్టిలో ఆ సూచనలను గమనించేవారు ఉండరు. అందుకే ఉదయం, మధ్యాహ్నం యంత్రానికి వదిలి, సాయంత్రం మేతను నా చేతిలో ఉంచుకున్నాను.

శుభ్రం చేయడం తేలికే. డ్రమ్ము ఊడదీయడానికి వస్తుంది, సబ్బు వాడకుండా వేడినీటితో కడిగి, లోపలి మూలలతో సహా పూర్తిగా ఆరనిచ్చి మేత పోయాలి. తొందరపడి చెమ్మ ఉండగానే నింపితే ఆ తేమే మేతను ముద్దచేస్తుంది. జారుడు మూత పట్టాల్లో ఇరుక్కునే పొడిని మెత్తటి బ్రష్షుతో తీయాలి, లేకపోతే మూత బిగుసుకుపోయి మోతాదు సరిచేయడానికి వీలుండదు. క్లిప్పు మందపాటి గాజుకు చాలకపోవచ్చు కాబట్టి కొనేముందు తొట్టి అంచు మందం కొలుచుకోవాలి. ఊరి నుంచి రాగానే వెంటనే పెద్ద మోతాదులో మేత వేయకుండా, ముందు డ్రమ్ములో ఎంత మిగిలిందో, నోటి అంచు పొడిగా ఉందో లేదో చూసి, ఆ తరువాత నీటిలో అమోనియా, నైట్రైట్ పరీక్షించి, అవసరమైతే కొంత నీరు మార్చి, అప్పుడు మామూలు మోతాదుకు తేవాలి.